‘ఇది మన గేజ్ కాదు రా’ అన్నారు మా నాయిన

మహబూబ్‌నగర్ నుంచి ఒక పాఠకుడు నోట్‌బుక్ కాగితాలకు రెండువైపులా రాసి పంపిన ఉత్తరం ఇది. పేరు వేయొద్దన్నారు. ఉత్తరం పొడుగ్గా ఉంది కాబట్టి ముఖ్యమైన సంగతులు నా మాటల్లో చెప్పి, చివరి పేజీ మాత్రం ఆయన మాటల్లోనే ఇస్తాను.

ఆయనకు నలభై ఏళ్లు. బోరు మోటార్ల వైండింగ్ షాపు నడుపుతారు. ఇంట్లో భార్య, నాలుగో తరగతి చదివే బాబు, డెబ్బై దాటిన తండ్రి. తల్లి మూడేళ్ల కిందట పోయారు. తండ్రి 1978లో రైల్వేలో పట్టాల పని చేసే గ్యాంగ్‌మన్‌గా చేరి, రోజూ పట్టాల వెంట నడిచి బిగింపులు చూసే కీమ్యాన్ అయి, 2014లో రిటైరయ్యారు. భార్య పోయాక ఆయన ఇంట్లో ఎవరితోనూ పెద్దగా మాట్లాడరు, మనవడితో తప్ప. బడి వదిలాక తాతా మనవడూ బండ్లు చూడడానికి పోతారు. చీకటి పడ్డాక వరండాలో కూర్చుని అట్టముక్కలతో రైలు కడతారు. టూత్‌పేస్టు డబ్బాలు పెట్టెలు, చీపురుపుల్లలు పట్టాలు, అగ్గిపుల్లలు పట్టాల కింద అడ్డంగా ఉండే స్లీపర్లు. ఐస్‌క్రీం పుల్లతో పాతకాలపు రెక్క సిగ్నల్ చేసి దానికి దారం కట్టారు. దారం లాగితే రెక్క కిందికి వాలుతుంది. పసుపు బోర్డు మీద నల్లటి అక్షరాలతో స్టేషన్ పేరు రాసి, కింద సముద్రమట్టానికి ఎంత ఎత్తో కూడా రాయించారట తాత, బాబును స్టేషన్‌కు తీసుకెళ్లి అసలు బోర్డు చూపించి మరీ.

ఇది చూసి మన పాఠకుడికి తానూ కలవాలనిపించింది. 22 వేలు పెట్టి విదేశీ మోడల్ రైలు సెట్ తెప్పించారు. డబ్బా మీద హెచ్‌ఓ, 1:87 అని ఉందట. ఎర్ర ఇంజను, మూడు పెట్టెలు, గుండ్రంగా కలిసే పట్టాలు, స్పీడు తిప్పే కంట్రోలర్. మేడ మీద గదిలో బల్ల వేసి బిగించి, తండ్రిని పిలిచారు. ఆయన వంగి పట్టాల మధ్య వెడల్పును, అంటే గేజ్‌ను, బొటనవేలు పెట్టి చూశారు, పెట్టెను ఒకసారి చూశారు, “ఇది మన గేజ్ కాదు రా” అని కిందికి దిగిపోయారు. బాబు రెండు రోజులు ఆడాడు. పాడుచేస్తాడేమోనని “నేను లేనప్పుడు ముట్టొద్దు” అన్నారు ఈయన. ఈయన షాపు మూసి ఇంటికొచ్చేది రాత్రి తొమ్మిదిన్నరకు. బాబు మళ్లీ వరండాకే పోయాడు.

పోయిన నెల ఒక ఆదివారం పొద్దున్నే ఊరి బయట, జడ్చర్ల వైపు, పట్టాల పక్క కాలిబాటలో తాతా మనవడూ వందే భారత్ కోసం నిలబడి ఉండగా రైల్వే పోలీసులు చూసి మందలించి పంపారు. ఇంట్లో పెద్ద గొడవ. “పిల్లగాన్ని చంపుతవా ఏంది” అని ఈయన అరిచారు. “ముప్పై ఆరేండ్లు పట్టాల మీద నడిచిన, నాకు చెప్తవా” అని తండ్రి. అప్పటినుంచి బండ్లు చూడడం బంద్. వరండాలోని అట్టరైలును ఈయన భార్య ఒక డబ్బాలో సర్ది సజ్జ మీద పెట్టేశారు. తండ్రి అన్నానికి తప్ప గదిలోంచి రారు. బాబు నాన్నతో మాట్లాడడం మానేశాడు.

చివరి పేజీ ఇది: “నేను నాలుగో తరగతిల ఉన్నప్పుడు నాయిన నన్ను రైల్ల కర్నూలు తీస్కపోతనన్నడు. అమ్మ సద్ది కట్టిచ్చింది. స్టేషన్ల బెంచి మీద పొద్దుగూకేదాక కూసున్న. అప్పుడు గేజ్ మార్చే పనులు నడుస్తుండె, ఆయన రాలే. ఆ సంగతి మళ్ల ఆయన ఎత్తలే, నేను ఎత్తలే. ఇప్పుడు నా కొడుకును మాత్రం రోజూ తీస్కపోతడు. నా కోపం ఎవరి మీదనో నాకే తెలుస్తలేదు. సెట్ అమ్మెయ్యాల్నా? వాళ్లిద్దరిని ఎట్ల ఆపాలె? అసలు నేనేం జెయ్యాలె?”

ముందు ఆ గేజ్ సంగతి తేల్చుకుందాం. ఉత్తరమంతటిలో మీరు ఎక్కువ నొచ్చుకున్నది ఆ ఒక్క మాటకు. 22 వేల వస్తువును ఆయన ఒక్క ముక్కతో తీసిపారేశారని మీకనిపించింది. నాకు అలా అనిపించలేదు. ఎందుకో చెప్పాలంటే కొంచెం లెక్క చెయ్యాలి. మోటారు చుట్లు లెక్కపెట్టే మనిషి మీరు, లెక్కంటే విసుక్కోరనుకుంటాను.

హెచ్‌ఓ అంటే అసలు బండిలో 87వ వంతు. మీ బల్ల మీది పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు ఉంటుంది. 87తో గుణిస్తే సుమారు 1,435 వస్తుంది. యూరప్, అమెరికా రైళ్లు ఎక్కువగా నడిచే గేజ్ అది. మన బ్రాడ్ గేజ్ 1,676 మిల్లీమీటర్లు. ఇక మీ నాయిన ఉద్యోగంలో చేరేనాటికి మీ ఊరి మీదుగా పోయేది మీటర్ గేజ్, నిజాం కాలం నాటి లైను. పట్టాల మధ్య సరిగ్గా వెయ్యి మిల్లీమీటర్లు. తొంభైల్లో దాన్ని పీకి బ్రాడ్ గేజ్ వేశారు, ఆ పనిలో మీ నాయినా ఉన్నారు. మీటర్ గేజ్ పెట్టె ఎలా ఉంటుందో మీకూ కొద్దిగా గుర్తుండే ఉంటుంది. కింద పట్టాలు ఇరుకు, పైన పెట్టె రెండు పక్కలా బయటికి వచ్చి ఉంటుంది. పెట్టె వెడల్పులో పట్టాలు మూడో వంతు కంటే కొంచెం ఎక్కువ, అంతే. మీరు కొన్న సెట్‌లో సగం దాకా ఉంటాయి. మీ నాయిన బొటనవేలు పెట్టి పట్టాలు చూసి, తర్వాత పెట్టె ఎందుకు చూశారో ఇప్పుడు అర్థమైందా? గేజ్ కొలిచే పనిముట్టు పట్టుకొని పట్టాల వెడల్పు చూడడం ఆయన రోజువారీ పని. ఆ చూపు రిటైర్ కాలేదు.

ఆయన అన్నది నిజం. అది మీ గేజ్ కాదు.

ఇంకో సంగతి. వరండాలో కట్టిన రైలుకు రెక్క సిగ్నల్ ఉందన్నారు. అడ్డంగా ఉంటే ఆగు, వాలితే పో. తీగ లాగి నడిపే ఆ సిగ్నల్ ఇప్పుడు మీ స్టేషన్లో ఎక్కడుంది? అన్నీ రంగు లైట్లే. బాబుకు ఆ రెక్క సిగ్నల్ తెలిసే అవకాశమే లేదు, తాత చెబితే తప్ప. అంటే వాళ్లు కడుతున్నది వాళ్లు రోజూ సాయంత్రం చూసే లైనును కాదు. కరెంటు తీగలు లేని, రెండో లైను లేని, రెక్క సిగ్నళ్ల కాలపు మీటర్ గేజ్ స్టేషన్‌ను కడుతున్నారు. మీరు సద్దిమూట పెట్టుకొని బెంచీ మీద కూర్చున్న కాలం కూడా దాదాపు అదే. మీ నాయిన ఇదంతా ఆలోచించి చేస్తున్నారని నేననను. మనుషులు చాలాసార్లు ఏం కడుతున్నారో తెలియకుండానే కడతారు. కానీ “మన గేజ్” అన్నప్పుడు ఆయన ఏ గేజ్ గురించి అన్నారో నాకు అనుమానం లేదు. ఆ “మన”లో మీరూ ఉన్నారు. చిన్నప్పుడు ఆ బండ్లు చూసింది మీరే, మీ బాబు కాదు.

ఇప్పుడు సెట్ ఏం చెయ్యాలి?

అమ్మెయ్యొచ్చు. పెట్టిన డబ్బులో ఎంత తిరిగొస్తుందో చెప్పలేం, విప్పిన డబ్బాకు కొత్తదాని ధర ఎవరూ ఇవ్వరు. డబ్బు కంటే ముందు ఇంకోటి చూసుకోండి. మీరు అమ్మితే మీ నాయిన తన మాట వల్లే అమ్మారనుకుంటారు. బాబు తను ముట్టినందుకు అనుకుంటాడు. ఇద్దరూ ఆ మాట మీకు చెప్పరు. ఇప్పుడు ఇల్లు అవసరాలకు ఇబ్బంది పడుతుంటే అమ్మండి, తప్పేం లేదు, కానీ ఆ కారణం ఇద్దరికీ నోటితో చెప్పి అమ్మండి.

మేడ మీద అలాగే ఉంచి మీ సెట్ మీది, వాళ్ల రైలు వాళ్లది అనుకోవచ్చు. ప్రస్తుతం నడుస్తున్నది అదే. దుమ్ము పడుతుంది, ఎండాకాలం గది వేడికి ఎవరూ పైకి రారు, ఏడాది తర్వాత మీరే ఒక దుప్పటి కప్పుతారు. పైగా డెబ్బై దాటిన మనిషిని రోజూ మెట్లెక్కి రమ్మనడం. మీరు ఆ గదిని ఎంచుకున్నప్పుడు ఆయన మోకాళ్ల సంగతి తట్టలేదా?

మూడో దారి నాకు బాగా నచ్చింది కాబట్టి కాస్త ఎక్కువ చెప్తాను. మీ పట్టాల వెడల్పు 16.5 మిల్లీమీటర్లు అనుకున్నాం కదా. దాన్ని 87తో కాకుండా 60తో గుణించి చూడండి. 990. వెయ్యికి పది తక్కువ! అంటే పట్టాలు మార్చక్కర్లేదు, పైన నడిచే పెట్టెలు 60వ వంతు కొలతలో కడితే చాలు, మీ బల్ల మీది లైను మీటర్ గేజ్ అయిపోతుంది. నేనేదో కొత్తగా కనిపెట్టింది కాదిది. చిన్న గేజ్ లైన్లు కట్టే మోడలర్లు చాలా దేశాల్లో ఇలాగే దొరికే పట్టాల మీద పెద్ద కొలత బండ్లు ఎక్కిస్తారు. ఆ లెక్కన మీటర్ గేజ్ పెట్టె వెడల్పు సుమారు నాలుగున్నర సెంటీమీటర్లు రావాలి. పెద్ద టూత్‌పేస్టు డబ్బా వెడల్పు దాదాపు అంతే ఉంటుంది. మీ నాయిన కట్టిన పెట్టె ఒకటి తీసుకెళ్లి మీ పట్టాల మీద పెట్టి చూడండి. నేనైతే ఉత్తరం చదవగానే మా ఇంట్లో డబ్బా వెతికి స్కేలు పెట్టి చూశాను, ఏం చేస్తాం.

పొడవు మాత్రం అసలు లెక్కకు కట్టకండి. అసలు పెట్టెను 60వ వంతు చేస్తే అడుగు దాటుతుంది, మీ సెట్ వంపుల్లో అది తిరగదు, పట్టాలు తప్పుతుంది. టూత్‌పేస్టు డబ్బా పొట్టిదే, అదే మేలు. మనుషుల బొమ్మలు పెట్టాలంటే ఐదున్నర అడుగుల మనిషి మూడు సెంటీమీటర్ల లోపు ఉంటాడు.

ఇక్కడ మీ పని మొదలవుతుంది. అట్టపెట్టెలు వాటంతట అవి కదలవు. విదేశీ పెట్టెల పైభాగం తీసి, కింది చక్రాల బండి మీద టూత్‌పేస్టు డబ్బా కూర్చోబెట్టాలి. ఇంజనుకు కూడా అంతే. మోటారు, గేర్లు ఉంచి పైన కొత్త తొడుగు. ఆ రోజుల్లో మీ లైన్లో వైపీ ఆవిరి ఇంజన్లు నడిచాయో, వైడీఎం-4 డీజిల్ ఇంజన్లు నడిచాయో, రెండూనో, ఆ సంగతి పుస్తకంలో వెతకకండి, ఇంట్లోనే అడగండి. వై అంటే మీటర్ గేజ్ అని మీ బాబుకు ఈపాటికి తెలిసే ఉంటుంది. కరెంటు 12 వోల్టులే, పట్టాలు ముట్టుకున్నా పిల్లాడికి ఏమీ కాదు, గోడ ప్లగ్గు దగ్గర మాత్రం మీరు చూసుకోవాలి. పట్టాలు నల్లబడితే ఇంజను ఆగి ఆగి నడుస్తుంది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిస్తే సరి. ఇవన్నీ మీకు నేను చెప్పాలా? ఊళ్లో కాలిపోయిన మోటార్లన్నీ మీ దగ్గరికే వస్తాయి. మీ నాయినకు లైను తెలుసు, బాబుకు అట్ట కత్తిరించే ఓపిక ఉంది, ఇంజను నడిపించడం మాత్రం వాళ్లిద్దరికీ రాదు. మీరు ఆ ఇంట్లోకి తెచ్చిన అసలు వస్తువు ఎర్ర ఇంజను కాదేమో అనిపిస్తోంది నాకు.

ఇందులో నష్టాలు లేవనను. పైతొడుగు తీశాక సెట్ ఇక అమ్ముడుపోదనుకోండి. కొక్కేలు ముందు విరుగుతాయి, తర్వాత మెట్లు. “నేను లేనప్పుడు ముట్టొద్దు” అన్న మాట మీరు వెనక్కి తీసుకోవాల్సి ఉంటుంది, తాత ఉన్నప్పుడు ముట్టొచ్చు అనాలి. మీరు ఎంతో ఇష్టపడి కొన్న ఎర్రటి బండి పోయి దాని స్థానంలో పేస్టు డబ్బా తిరుగుతుంటే మీకు లోపల ఎక్కడో చివుక్కుమంటుంది. అది తట్టుకోలేననిపిస్తే ఒక్క ఎర్ర ఇంజనును అలాగే ఉంచి, దానితోనే అట్టపెట్టెలు లాగించండి. మీ నాయిన గొణుగుతారు. గొణగనివ్వండి, మాట్లాడినట్టే కదా.

ఆయన్ని ఎలా కదపాలంటారు. క్షమాపణలు, పెద్ద మాటలు వద్దు. మీ ఇద్దరికీ అలవాటు లేని పని అది. టేపు పట్టుకొని ఆయన గదిలోకి వెళ్లి, “నాయినా, మన మీటర్ గేజ్ల పెట్టె ఎంత వెడల్పుంటుండె?” అని అడగండి. అంతవరకే. జవాబు చెప్తే రాసుకొని వచ్చేయండి. చెప్పకపోతే మర్నాడు ఇంకోటి అడగండి. ఒక్క రోజులో బయటికి వస్తారని నేను మాటివ్వలేను.

ఇప్పుడు పట్టాల పక్కన నిలబడే విషయం. ఇక్కడ దారులూ, ఎంపికలూ లేవు. మీరు ఆపడం సరైన పని. అరవడం వేరే సంగతి.

మీ నాయిన “ముప్పై ఆరేండ్లు” అన్నది అబద్ధం కాదు. కానీ ఆయన కాళ్లకు అలవాటైనది చాలా కాలం ఒంటి లైను. బండి వస్తే దూరం నుంచే చప్పుడు, పొగ. ఇప్పుడు సికింద్రాబాద్ నుంచి మహబూబ్‌నగర్ దాకా 85 కిలోమీటర్లు రెండు లైన్లు, కరెంటు బండ్లు. 2023 ఏప్రిల్‌లో ప్రధాని వచ్చి ఆ డబ్లింగ్‌ను జాతికి అంకితం చేశారు, అంటే ఆయన రిటైరైన తొమ్మిదేళ్లకు. ఒక బండి వైపు చూస్తూ నిలబడితే, దాని చప్పుడులో రెండో లైను మీద వచ్చేది వినిపించదు. గంటకు 100 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 28 మీటర్లు. పిల్లాడు చెప్పు జారి వంగి లేచేలోపు బండి ఎంత దూరం వస్తుందో ఆలోచించండి. 1989 రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద అనుమతి లేకుండా రైల్వే స్థలంలోకి పోతే ఆరు నెలల వరకు జైలు లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. మీవాళ్లను మందలించి వదిలారు.

కానీ చట్టం చూపించి ఆయన నోరు మూయించొద్దు. ఆయనకు తెలిసినదాన్నే అడగండి: “గ్యాంగు లైను మీద పనికి దిగితే బండ్లను ఎవరు చూసేటోళ్లు?” గ్యాంగులో ఒక మనిషి పనిచేయకుండా ఊరికే నిలబడి రెండు వైపులా చూస్తూ, బండి కనబడితే ఈల వేసి హెచ్చరిస్తాడు. ఎర్రజెండాలు పాతుతారు, చక్రం ఎక్కితే పేలి డ్రైవర్‌ను హెచ్చరించే పటాకాలు పట్టాల మీద పెడతారు. అది ఎందుకో బాబుకు ఆయన చెప్పాలి. ఎక్కడ నిలబడొచ్చో ఎక్కడ నిలబడకూడదో అన్న నియమం మీ నోటినుంచి కాకుండా ఆయన నోటినుంచి రావాలి. అప్పుడు బాబు వింటాడు, ఆయనా దానికి కట్టుబడతారు. ఇంత చేసినా ఆయన మొండికేస్తే, మీరో మీ భార్యో తోడు లేకుండా బాబును పంపకండి. ఆయనకు కోపమొస్తుంది. రానివ్వండి. ఈ ఒక్క విషయంలో ఆయన కోపం భరించాల్సిందే.

బండ్లు చూడడం మాత్రం ఆపకండి. ప్లాట్‌ఫాం టికెట్ 10 రూపాయలు, రెండు గంటలు చెల్లుతుంది. కాచిగూడ నుంచి యశ్వంతపూర్ పోయే వందే భారత్ మీ స్టేషన్లో ఆగుతుంది కదా! పట్టాల పక్కన నిలబడితే రెప్పపాటులో పోయే బండి, ప్లాట్‌ఫాం మీద పసుపు గీత వెనక నిలబడితే ఆగి ఉన్నంతసేపూ చూడొచ్చు. అది తెలిసి కూడా బయటికెందుకు పోయారో ఊహించగలను, ఆగిన బండిలో మజా లేదంటారు ఈ పిచ్చివాళ్లు. గూడ్సు బండ్లు ఆగకుండా పోతాయి, వాటిని ప్లాట్‌ఫాం మీంచే చూడమనండి.

నేను నల్గొండ వైపు ఒంటి లైను పక్కన పెరిగినదాన్ని. ఎదురు బండికి దారివ్వడానికి మా బండి లూప్‌లైన్లో, అంటే స్టేషన్లోని పక్క పట్టాల మీద, ఆగితే, ఎదురు బండి పోయేదాకా కిటికీ ఊచలు పట్టుకొని పెట్టెలు లెక్కపెట్టేవాళ్లం. ఎన్ని లెక్కపెట్టినా మా అన్న లెక్కకూ నా లెక్కకూ ఒకటి తేడా వచ్చేది. ఆ తేడా మీద ఇంటికెళ్లేదాకా పోట్లాట. అందుకే చెప్తున్నాను, ముగ్గురూ ఒకేదాన్ని చూస్తూ నిలబడితే అరగంటలో విసుగొస్తుంది. తలా ఒక పని ఉండాలి. బాబు ఇంజను నంబరు, పక్కన రాసి ఉన్న, ఆ ఇంజను ఉండే షెడ్డు పేరు నోట్‌బుక్‌లో రాసుకుంటాడు. డబ్ల్యూఏపీ-7లో డబ్ల్యూ అంటే బ్రాడ్ గేజ్, ఏ అంటే కరెంటుతో నడిచేది, పీ అంటే ప్యాసింజర్లను లాగేది. తాత పని చెవులది. చక్రం ఒకచోట అరిగి ఉంటే టపటపమని ఒకే తాళంలో కొట్టుకుంటుంది, ఎన్నో పెట్టెదో ఆయన చెప్పాలి. చివరి పెట్టె వెనక ఎల్‌వీ, అంటే ‘లాస్ట్ వెహికిల్’, బోర్డు ఉందో లేదో చూడడం ఎవరు ముందు చెప్తే వాళ్లది. అది కనబడితేనే బండి తెగకుండా మొత్తం దాటిందని స్టేషన్ వాళ్లకు తెలిసేది, ఈ సంగతీ బాబుకు తాతే చెప్పాలి. మీ పని? బండి ఎంత ఆలస్యమో ఫోన్లో చూడడం, మిర్చిబజ్జీలు కొనడం. మొదట్లో మీకు దక్కేది ఇదే. ఆదివారం షాపు ఒక పూట మూయగలరా అన్నది మీరే చూసుకోవాలి. ఎండాకాలం కుదరదంటారు, బోర్లన్నీ అప్పుడే కాలిపోతాయి. మీ నాయిన కూడా సరిగ్గా ఇలాంటి మాటే చెప్పి ఉంటారు మీ అమ్మతో.

ఆ బెంచీ గురించి. మీ కోపం బాబు మీద కాదు, ఇప్పటి మీ నాయిన మీద కూడా కాదు. ఆ రోజు ఆయనకు వీలు కాలేదు, అది కారణం. తర్వాత కూడా ఏమీ చెప్పలేదు, మీకు గుచ్చుకున్నది ఇది. ఆయన్ని అడగొచ్చు. అడిగితే ఆయన “నాకు యాదికి లేదు” అనవచ్చు, దానికి మీరు సిద్ధంగా ఉన్నారా? రోజూ తెల్లారకముందే సుత్తి, స్పానర్ పట్టుకొని బీటు మీద పోయిన మనిషికి, రాలేని రోజులు ఒకటీ రెండూ కావు. లేదా ఆయనకు గుర్తుండి, ఆ సిగ్గుతోనే ముప్పై ఏళ్లు నోరు తెరవకపోయి ఉండొచ్చు. ఏదైనా సరే, ఇంట్లో ఇంత బిగుతుగా ఉన్నప్పుడు ఆ ముడి విప్పడానికి కూర్చోకండి. ముందు రైలు కదలనివ్వండి.

కర్నూలు ప్రయాణం మాత్రం చెయ్యొచ్చు. గద్వాల రాకముందు కృష్ణ, ఆలంపూర్ రోడ్ దాటాక తుంగభద్ర, రెండు పెద్ద వంతెనలు. కానీ దాన్ని బాకీ తీర్చుకునే ప్రయాణంలా చెయ్యకండి. ముగ్గురూ ఎక్కుతుండగా “అప్పుడు తీస్కపోతనన్నవు కదా” అంటే ఆ పూటంతా పాడవుతుంది. అంత బరువు వద్దనుకుంటే ఇంకో దారి ఉంది. దేవరకద్ర దగ్గర చీలి మక్తల్ మీదుగా కృష్ణా స్టేషన్‌కు పోయే కొత్త లైను. జక్లేర్ నుంచి కృష్ణా దాకా చివరి ముక్కను 2023 అక్టోబరు 1న ప్రారంభించారు. కృష్ణాలో అది పాత ముంబై–చెన్నై లైనుకు కలుస్తుంది. మీ నాయిన నౌకరీ చేసినన్నాళ్లూ లేని లైను అది, ఆయన ఒక్క రోజు కూడా అక్కడ డ్యూటీ చేయలేదు. కొత్త స్లీపర్లు, కొత్త క్లిప్పులు చూసి ఏదో ఒకటి అంటారు. కిటికీ సీటు బాబుకు ఇవ్వకండి, ఈసారి ఆయనకు ఇవ్వండి. బాబు అలుగుతాడు, ఐదు నిమిషాలు.

మీ భార్య గురించి మీరు ఒక్క వాక్యమే రాశారు. మూడు నెలలుగా వరండాలో అగ్గిపుల్లలు ఊడ్చింది ఆమె. పట్టాల పక్కన నిలబడ్డారని విన్నాక మీకన్నా ఎక్కువ భయపడిందీ ఆమెనే అయి ఉంటుంది. డబ్బా సజ్జ మీద పెట్టడం మీకు కోపంగా కనబడింది గానీ, పారేయకుండా సర్ది పెట్టింది చూడండి. మేడ మీది బల్లను కిందికి దించాలంటే వరండాలో ఎక్కడ పెట్టాలో ఆమెను అడగండి. కాళ్లు మడిచి గోడకు నిలబెట్టే బల్లయితే ఆమెకు నడవడానికి దారి ఉంటుంది. బడి పని అయ్యాకే రైలు అన్న షరతు ఆమె పెడితే ఒప్పుకోండి, న్యాయమైనదే.

బల్ల దింపడానికి ఇద్దరు మనుషులు కావాలి. సజ్జ మీది డబ్బాకు ఒక్కరు చాలు, మీరే దించండి. వంచకండి, సిగ్నల్ దారం చిక్కుపడితే మళ్లీ కట్టాల్సింది మీ నాయినే, ఆయన చూపు ఇప్పుడు దగ్గరికి ఎలా ఉందో మీరు రాయలేదు.